అసెంబుల్డా, బ్రాండెడా? ఖమ్మం స్టూడియో తమ్ముడికి

నువ్వు అడిగింది ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. ఖమ్మంలో మీ నాన్నగారి ఫొటో స్టూడియో. నువ్వు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తావు, ఆల్బమ్‌లు డిజైన్ చేస్తావు. కొత్త డెస్క్‌టాప్‌కి లక్ష రూపాయల దాకా పెట్టగలవు. సికింద్రాబాద్ సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ల మార్కెట్) వెళ్లి అసెంబుల్ చేయించుకుంటే, అంటే పార్టులు విడిగా కొని బిగించుకుంటే, 20 వేలు మిగులుతాయని ఫ్రెండ్ అంటున్నాడు. కంపెనీయే బిగించి అమ్మే బ్రాండెడ్ తీసుకుంటే తలనొప్పి ఉండదని మీ బావ అంటున్నాడు. వీటికి తోడు కౌంటర్లో బిల్లులకు, పాస్‌పోర్ట్ ఫొటోలకు వాడే పాత సిస్టమ్ కూడా మార్చాలి, అందులో ఇంకా విండోస్ 10 ఉంది.

నా మాట: ఎడిటింగ్ మిషన్ అసెంబుల్ చేయించు. కౌంటర్‌కి బ్రాండెడే కొను, అదీ సెకండ్ హ్యాండ్‌ది. ఒకే ఇంట్లో రెండు మిషన్లకు రెండు జవాబులేంటి అంటావేమో. డబ్బు లెక్క కంటే ఆ మిషన్ చేసే పని ఏంటి, అది మొరాయించిన రోజు చూసేదెవరు అన్నది నాకు ముఖ్యం.

నేను వరంగల్‌లో షాపు పెట్టింది 1999లో. పొద్దున రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లన్నీ ఎక్కి దిగి, సాయంత్రం 15 అంగుళాల మానిటర్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కాజీపేట దాకా కూర్చున్న రోజులున్నాయి. అవి డబ్బా టీవీల్లాంటి మానిటర్లు, కాళ్లు తిమ్మిరెక్కేవి. ఆ రోజుల్లో బ్రాండెడ్‌కీ అసెంబుల్డ్‌కీ ధరలో తేడా నిజంగానే చాలా ఉండేది. మీ ఫ్రెండ్ చెప్పే 20 వేలు ఆ కాలం నాటి మాట, ఇంకా జనం నోళ్లలో తిరుగుతోంది.

ఇప్పుడు ఆ తేడా చాలావరకు పోయింది. పెద్ద కంపెనీ ప్రాసెసర్లు, ర్యామ్, విండోస్ లైసెన్సులు టోకున కొంటుంది. మనం ఒక్కొక్కటీ చిల్లరగా కొంటాం. మార్కెట్లో కరువొస్తే ముందు దెబ్బ తినేది మనమే. 2020, 21లో గ్రాఫిక్స్ కార్డులు దొరకనప్పుడు విడి కార్డు కొనడం కంటే కార్డుతో ఉన్న బ్రాండెడ్ మిషన్ కొనడమే చవక అయిన సందర్భాలు చూశాను. 2025 చివర్నుంచి ర్యామ్‌ది అదే కథ. మెమరీ చిప్పులు చేసేవాళ్లంతా ఏఐ డేటా సెంటర్ల వైపు తిరిగారు. క్రూషియల్ పేరుతో మనకు ర్యామ్, ఎస్ఎస్‌డీలు (చిప్పులతో చేసిన వేగమైన డిస్కులు) అమ్మిన మైక్రాన్, ఆ వ్యాపారం మానేస్తున్నట్టు 2025 డిసెంబర్లో ప్రకటించింది. ఈ పరిస్థితుల్లో పాత ధరకు స్టాక్ కొనిపెట్టుకున్న కంపెనీ మిషన్ నీ అసెంబుల్డ్ కంటే తక్కువకే రావచ్చు. అందుకే రెండింటి కొటేషన్లూ ఒకే రోజు తీసుకో. అసెంబుల్డ్ కొటేషన్లో విండోస్, కీబోర్డు, మౌస్, వైఫై కలిపారో లేదో చూసుకో. అవి కలపకుండా తేడా లెక్కేసుకుని మురిసిపోయినవాళ్లే ఎక్కువ.

ధర ఇంచుమించు ఒకటే అయితే మరి అసెంబుల్డ్ ఎందుకు? డబ్బా మీద రాయని సంగతుల కోసం. బ్రాండెడ్ మిషన్ స్టిక్కర్ మీద ఐ5 (ఇంటెల్ ప్రాసెసర్ రకం), 16 జీబీ, 512 ఎస్ఎస్‌డీ అని ఉంటుంది. ఎస్ఎంపీఎస్ (కరెంటును పార్టులకు సరిపడేలా మార్చి ఇచ్చే డబ్బా) ఎలాంటిది, బోర్డు (పార్టులన్నీ గుచ్చే మదర్‌బోర్డు) మీద ఖాళీ స్లాట్లెన్ని, ర్యామ్ ఒక్క స్టిక్కా రెండా అన్నది ఉండదు. ఒక్క స్టిక్ అయితే సింగిల్ ఛానల్‌లో నడుస్తుంది. అదే 16 జీబీ రెండు ఎనిమిదులుగా ఉంటే ప్రాసెసర్‌కి రెండు దార్లు తెరిచినట్టు.

ఎస్ఎంపీఎస్ గురించి ఒకటి చెప్పాలి. నాలుగేళ్ల కింద హన్మకొండలో ఒక డీటీపీ ఆయన మిషన్ ఆగిపోయిందని పిలిచాడు. బ్రాండెడ్, పేరెందుకులే. వారంటీ అయిపోయి రెండు నెలలు. పెళ్లిళ్ల సీజన్, టేబుల్ మీద శుభలేఖల ప్రూఫులు గుట్టగా ఉన్నాయి. విప్పి చూస్తే ఎస్ఎంపీఎస్ పోయింది, అంతే. నా సంచిలో కొత్తది ఉంది, పది నిమిషాల పని అనుకున్నాను. తీరా బోర్డు చూస్తే మామూలుగా 24 పిన్నుల సాకెట్ ఉండాల్సిన చోట 6 పిన్నులదే ఉంది. ఎస్ఎంపీఎస్ ఆకారం కూడా వేరు, సన్నగా పొడుగ్గా. నా సంచిలోది పెట్టడానికి చోటే లేదు. హైదరాబాద్‌లో పాత మిషన్లు విప్పి అమ్మేవాళ్ల దగ్గర దానికి సరిపోయేది దొరకడానికి 11 రోజులు పట్టింది. ఆయన శుభలేఖలన్నీ పక్క షాపుకి పోయాయి.

అదే అసెంబుల్డ్ అయితే ఆ సమస్య లేదు. బోర్డు, క్యాబినెట్, ఎస్ఎంపీఎస్‌లకు 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ అనే కొలతలే ఈనాటికీ నడుస్తున్నాయి. ఇరవై ఏళ్ల నాటి క్యాబినెట్‌లో కూడా ఈనాటి బోర్డు బిగించొచ్చు, స్క్రూ రంధ్రాలు అవే. ఎస్ఎంపీఎస్ పోతే ఖమ్మంలోనే ఏదో ఒక షాపులో దొరుకుతుంది, అరగంటలో మళ్లీ పనిలో కూర్చుంటావు.

ఇక అసలు విషయం, నీ ఎడిటింగ్. 'ఆర్‌టీఎక్స్ కార్డు పెట్టిస్తే స్మూత్‌గా నడుస్తుంది కదా అన్నా' అని రాశావు. ఆర్‌టీఎక్స్ అంటే ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు. నడవొచ్చు, నడవకపోవచ్చు. నీ కెమెరా ఎందులో రికార్డు చేస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈమధ్య మిర్రర్‌లెస్ కెమెరాల్లో హెచ్.265, 10 బిట్, 4:2:2 అనే మోడ్ ఉంటోంది. హెచ్.265 అంటే వీడియోను చిన్న ఫైలుగా నొక్కిపెట్టే పద్ధతి, 10 బిట్, 4:2:2 అంటే అందులో రంగుల వివరం ఎక్కువ ఉంచడం. కలర్ గ్రేడింగ్‌లో బాగా లాగొచ్చని పెళ్లి షూట్లు చాలామంది అందులోనే తీస్తున్నారు. ఆ క్లిప్‌ని టైమ్‌లైన్ మీద వేసి ప్లే నొక్కితే తలంబ్రాలు పోస్తున్న చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది, తర్వాత ఒక్కసారిగా కిందికి దూకుతుంది. ర్యామ్ చాల్లేదనుకుని ర్యామ్ పెంచుతారు, కార్డు చిన్నదనుకుని పెద్దది కొంటారు. తేడా ఉండదు.

ఎందుకంటే అలా నొక్కిపెట్టిన వీడియోను విప్పే పనికి చిప్పులో విడిగా ఒక సర్క్యూట్ ఉంటుంది. ఈ హెచ్.265 4:2:2ని విప్పే సర్క్యూట్ ఎన్‌విడియా కార్డుల్లో 2025లో వచ్చిన 50 సిరీస్ దాకా లేనే లేదు. దానికి ముందు 40 సిరీస్‌లోని ఎంత ఖరీదైన 4090 పెట్టినా ఆ భారం ప్రాసెసర్ మీదే పడుతుంది. ఇంటెల్ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌లో మాత్రం 11వ జనరేషన్ నుంచే ఉంది, క్విక్ సింక్ అంటారు దాన్ని. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రో దాన్ని వాడుకుంటుంది. అంటే మామూలు ఐ5 లోపల ఉచితంగా వచ్చే చిన్న గ్రాఫిక్సే ఈ ఒక్క పనిలో 4090ని ఓడిస్తుందన్నమాట.

ఇక్కడే షాపువాళ్లు తెలియక తప్పు చేయిస్తారు. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అని ఉంటే, 12400ఎఫ్ లాగ, అందులో ఆ లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు. కాస్త చవక. 'నువ్వు కార్డు ఎలాగూ పెడుతున్నావు, ఎఫ్ తీసుకో, డబ్బు మిగులుతుంది' అంటారు. గేమ్స్ ఆడే పిల్లలకు అది మంచి సలహాయే. నీకు మాత్రం కాదు. గేమింగ్ పేరుతో అమ్మే బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలోనూ ఎఫ్ ప్రాసెసర్లు చాలా ఉంటాయి, అక్కడ మార్చమని అడగడానికి వీల్లేదు. నీ ఎడిటింగ్ మిషన్ అసెంబుల్ చేయించమనడానికి నాకున్న పెద్ద కారణం ఇదే.

కొనే ముందు మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకుని, మొన్నటి పెళ్లి క్లిప్ ఒకటి అందులో తెరువు. క్లిప్ హెచ్.265ది అయి, క్రోమా సబ్‌శాంప్లింగ్ అన్న లైన్లో 4:2:2 అని ఉంటే ఎఫ్ లేని ఇంటెల్ తీసుకో, లేదా 50 సిరీస్ కార్డు తీసుకో. 4:2:0 అని ఉంటే ఈ గొడవ నీకు లేదు, ఏఎండీ రైజెన్ కూడా చక్కగా సరిపోతుంది. రైజెన్‌తో ఇంకో లాభం, బోర్డు చాలాకాలం పనికొస్తుంది. 2017లో ఏఎం4 (రైజెన్ కూర్చునే సాకెట్ పేరు) బోర్డు కొన్నవాళ్లు చాలామంది బయాస్ (మిషన్‌ను మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకుని అయిదేళ్ల తర్వాత వచ్చిన ప్రాసెసర్ అందులోనే వేసుకున్నారు. ఇంటెల్‌లో సాకెట్ త్వరత్వరగా మారిపోతుంది.

ఇంటెల్‌లో 13, 14 జనరేషన్ ఐ7, ఐ9 ఎవరైనా బాగా తగ్గించి ఇస్తామంటే ఒక్క నిమిషం ఆగు. వాటిలో కొన్ని అతి వోల్టేజ్ వల్ల పాడవుతున్నాయని 2024లో బయటపడింది. ఇంటెల్ బయాస్ ద్వారా సరిచేసింది, ఆ మోడళ్లకు వారంటీ రెండేళ్లు పెంచింది. కొత్త బయాస్ ఎక్కించిన బోర్డు మీద కొత్త పీస్ అయితే ఫర్వాలేదు. ఎవరో రెండేళ్లు వాడి వదిలేసిన పీస్ మాత్రం వద్దు. నీ పనికి ఐ5 చాలు, మిగిలిన డబ్బు ర్యామ్, డిస్కుల మీద పెట్టు.

ర్యామ్ 32 జీబీ, రెండు పదహార్లు. డిస్కులు మూడు: విండోస్‌కి ఒక ఎస్ఎస్‌డీ, నడుస్తున్న ప్రాజెక్టులకు ఇంకో ఎస్ఎస్‌డీ, అయిపోయిన పెళ్లిళ్లకు పెద్ద హార్డ్ డిస్క్. అదే డేటా ఇంకో కాపీ బయటి డిస్కులో, వేరే చోట. డేటా పోయిందని మళ్లీ పెళ్లి చేయించలేం కదా.

ఎస్ఎంపీఎస్ దగ్గర పిసినారితనం వద్దు. క్యాబినెట్‌తో కలిపి ఇచ్చేది అసలే వద్దు. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని ఇచ్చే గుర్తు), 650 వాట్లది చాలు. నేను షాపులో కుర్రాళ్లకు నేర్పిన మొదటి పరీక్ష, రెండు ఎస్ఎంపీఎస్‌లు చెరో చేత్తో పట్టుకోమనడం. రెండింటి మీదా 450 వాట్లనే రాసి ఉంటుంది, ఒకటి ఇటుకలా ఉంటే ఇంకోటి ఖాళీ టిఫిన్ డబ్బాలా తేలిపోతుంది. ఆ తేలిపోయేది పోయేటప్పుడు ఒక్కతే పోదు, బోర్డునూ తీసుకుపోతుంది.

యూపీఎస్ కూడా చూసుకో. 600 వీఏ అని అమ్మే చిన్న యూపీఎస్ నిజానికి ఇచ్చేది సుమారు 360 వాట్లే. కార్డు, ప్రాసెసర్, మానిటర్ అన్నీ కలిసి రెండర్ (ఎడిట్ చేసింది ఫైనల్ వీడియోగా తయారవడం) నడుస్తున్నప్పుడు కరెంటు పోతే అది కుయ్యిమని తనూ ఆగిపోతుంది. 1 కేవీఏ తీసుకో. స్టూడియోలో చెప్పుల్లేకుండా నిలబడి క్యాబినెట్ ఇనుము ముట్టుకున్నప్పుడు చెయ్యి జివ్వుమంటే ఎర్తింగ్ లేదని అర్థం. కంప్యూటర్ కొనడం నెల వాయిదా వేసినా సరే, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలువు. పాత బిల్డింగుల్లో మూడో పిన్ను ఉత్తుత్తిగా ఉండడం ఎన్నోసార్లు చూశాను. ఇంకోటి, క్యాబినెట్ వెనక వాడని కార్డు స్లాట్లకు రేకులు బిగించారో లేదో చూడు. ఆ సందుల్లోంచి బల్లులు దూరతాయి. ఎస్ఎంపీఎస్‌లో మాడిపోయిన బల్లిని తీయడం మా వృత్తిలో మామూలే.

సరే, అసెంబుల్ ఎక్కడ చేయించాలి? ఇక్కడ మీ ఫ్రెండ్‌తో నాకు పేచీ. సీటీసీ మంచి మార్కెట్టే, నా అన్నం అక్కడి సరుకుతోనే ఉడికింది. అయినా నువ్వు ఖమ్మంలోనే చేయించు. బ్రాండెడ్‌లో ఉన్న సుఖం ఏంటంటే ఒక ఫోన్ కొడితే ఏ పార్టు పోయిందో వాళ్లే కనుక్కుంటారు, ఆన్‌సైట్ వారంటీ ఉంటే ఇంటికే వస్తారు. మీ బావ చెప్పే తలనొప్పి అదే, ఆయన మాటలో తప్పు లేదు. అసెంబుల్డ్‌లో ఒక్కో పార్టుకీ ఒక్కో కంపెనీ, ఒక్కో వారంటీ, ఒక్కో సర్వీస్ సెంటర్. ఏది పోయిందో ముందు మనం తేల్చాలి. స్క్రీన్ నల్లగా ఉంటే అది ర్యామా, బోర్డా, కార్డా? తేల్చాలంటే మార్చి మార్చి చూడడానికి చేతిలో వేరే పార్టులుండాలి. అవి మీ ఊరి షాపతని దగ్గర ఉంటాయి, నీ దగ్గర ఉండవు. రేపు ఉదయం డెలివరీ అనగా రాత్రి పదింటికి ఫోన్ ఎత్తి, బండేసుకుని వచ్చేవాడు దొరికితే రెండు మూడు వేలు ఎక్కువైనా ఇచ్చేయ్. ఆన్‌లైన్ ధరలు ప్రింట్ తీసి అతని ముందు పెట్టు. గొడవపడకు, 'ఇంతకు దగ్గరగా ఇవ్వన్నా, లేబర్ విడిగా ఇస్తా' అను. చాలామంది ఒప్పుకుంటారు.

అలాంటి మనిషి ఊళ్లో లేడా, నీకూ స్క్రూడ్రైవర్ పట్టే ఓపిక లేదా? అప్పుడు బావ మాటే విను, మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీతో బ్రాండెడ్ తీసుకో. ప్రాసెసర్ ఎఫ్ కాదని మాత్రం చూసుకో.

బిల్లు జీఎస్టీతో తీసుకో, ప్రతి పార్టు సీరియల్ నంబర్ దాని మీద రాయించు. బిల్లు లేకుండా తీసుకుంటే 18 శాతం మిగులుతుందనే మాట వినకు, రేపు వారంటీకి వెళ్తే మొదట అడిగేది ఆ కాగితమే. స్టూడియోకి జీఎస్టీ నంబర్ ఉంటే కట్టిన ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, మీ ఆడిటర్‌ని అడుగు. ప్రాసెసర్ బాక్స్ పీసే అడుగు, దానికి మూడేళ్ల కంపెనీ వారంటీ ఉంటుంది. ట్రే పీస్ అంటే విడిగా వచ్చేది, దానికి సాధారణంగా షాపతని మాటే వారంటీ.

బిగించేటప్పుడు పక్కనే కూర్చో. మొదటిసారే నువ్వే బిగించుకుంటానని మాత్రం అనకు. ఇంటెల్ బోర్డు సాకెట్లో వెంట్రుకల్లాంటి పిన్నులు వెయ్యికి పైగా ఉంటాయి, ఒకటి వంగినా వారంటీ ఇవ్వనంటారు. చూస్తూ నేర్చుకో, రేపు ర్యామో డిస్కో నువ్వే మార్చుకోగలుగుతావు. మూడు సంగతుల మీద కన్నేసి ఉంచు. ప్రాసెసర్ మీద బిగించే కొన్ని కూలర్ల అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది తీశారా? మా కుర్రాడొకడు తీయడం మరిచిపోయి బిగించేశాడు. మిషన్ నడిచింది, కానీ రెండర్ పెట్టగానే వంద డిగ్రీలకు పోయి నీరసపడేది. ఆ కస్టమర్ 'స్లో, స్లో' అంటూ మూడుసార్లు వచ్చాక గానీ కూలర్ విప్పి చూడలేదు, తప్పు నాదే. రెండోది, నాలుగు స్లాట్ల బోర్డయితే ర్యామ్ స్టిక్కులు మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి. తర్వాత బయాస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయాలి, లేదంటే కొన్న వేగం రాదు. మూడోది, మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి, పైన బోర్డుకి కాదు. కానీ నీకు క్విక్ సింక్ కావాలి కాబట్టి, బయాస్‌లో లోపలి గ్రాఫిక్స్ కూడా ఆన్‌లోనే ఉంచమను. కార్డు పెడితే కొన్ని బోర్డులు దాన్ని వాటంతటవే ఆపేస్తాయి.

విండోస్ డబ్బులిచ్చే కొను. షాపుల్లో పెన్‌డ్రైవ్‌తో యాక్టివేటర్ (లైసెన్స్ లేకుండా విండోస్‌ను నడిపించే ప్రోగ్రామ్) కొట్టి ఇచ్చేస్తారు. కస్టమర్ల పెళ్లిళ్లు ఉండే మిషన్లో ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్‌కి అడ్మిన్ తాళాలు ఇచ్చినట్టే అది.

ఇక కౌంటర్ మిషన్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఆన్‌లైన్ పేమెంట్లు చూసే మిషన్ని ఇంకా దాని మీద లాగొద్దు. బిల్లులకు, పాస్‌పోర్ట్ ఫొటోలకు కొత్తది అక్కర్లేదు. పెద్ద ఆఫీసులు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ప్రోడెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి హైదరాబాద్‌లో బాగానే దొరుకుతాయి. ఐ7 అనగానే పడిపోకు, ఏ జనరేషనో అడుగు. ఆరు, ఏడు జనరేషన్ ఐ7లు చవగ్గా అంటగడతారు, వాటికి విండోస్ 11 అధికారికంగా లేదు. ఎనిమిదో జనరేషన్ ఐ5 వాటికంటే నయం. విండోస్ కీ సాధారణంగా బోర్డులోనే ఉంటుంది, విండోస్ 11 దానంతటదే యాక్టివేట్ అవుతుంది. అందులోని డిస్క్ తీసేసి కొత్త ఎస్ఎస్‌డీ వేయించు. పైన డీటీపీ ఆయన కథలో చెప్పిన ఎస్ఎంపీఎస్ ఇబ్బంది వీటికీ ఉంటుంది. కానీ కౌంటర్ మిషన్ రెండు రోజులు ఆగితే నాన్నగారు రసీదు పుస్తకంతో నడిపించేస్తారు, నీ ఎడిటింగ్ ఆగితే అలా కుదరదు.

పాతది ఎవరికైనా ఇచ్చేసే ముందు ఒక పని చెయ్యి. మీ ఫొటో ప్రింటర్‌కి విండోస్ 11 డ్రైవర్ ఉందో లేదో, తెలుగు టైపింగ్‌కి మీరు వాడే అను ఫాంట్ల వెర్షన్ కొత్తదాంట్లో నడుస్తుందో లేదో, కొత్త మిషన్ మీద ఒక పాస్‌పోర్ట్ షీట్ ప్రింట్ తీసి చూడు. ప్రింట్ చేతికొచ్చేదాకా పాతది అక్కడే ఉండనీ.

మీడియాఇన్ఫోలో ఏం వచ్చిందో చెప్పు. దాన్ని బట్టి ప్రాసెసర్, బోర్డు ఏవి అడగాలో రాస్తాను.